బీఏ హిస్టరీ: చేరబోయే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెబుతుంటాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర చెప్పుల జతలు పెరుగుతాయి. వచ్చినవాళ్లలో సగం మంది బీకాం కంప్యూటర్స్ గది ఎక్కడని అడగడానికి వచ్చినవాళ్లే అనుకోండి. మిగతా సగం అడిగేవి ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు. చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

హిస్టరీ చదివితే ఉద్యోగం వస్తుందా సార్?

పట్టా చేతికి రాగానే పిలిచి కుర్చీ వేసే కోర్సు కాదిది. తర్వాత నన్ను తిట్టుకోకుండా ఈ మాట మొదటే చెప్పేస్తాను. మూడేళ్లయ్యాక ఇంకేదో ఒకటి చదవాల్సి వస్తుంది. టీచర్ కావాలంటే బీఈడీ, లెక్చరర్ కావాలంటే ఎంఏ, లాయర్ కావాలంటే లాసెట్ రాసి మూడేళ్ల లా, ఐసెట్ రాస్తే ఎంబీఏ. గ్రూప్స్, సివిల్స్, బ్యాంకు పరీక్షల్లాంటి, ‘ఏదైనా డిగ్రీ’ చాలనే పరీక్షలకు బీఏ సరిపోతుంది.

మూడో ఏడు అయ్యేసరికి ఇంటికి జీతం రావాల్సిందే అన్న పరిస్థితి ఉంటే దాచకుండా చెప్పండి. అలాంటి పిల్లల్ని నేనే బీకాం వైపు పంపిన సందర్భాలున్నాయి. నా పేచీ అంతా ‘ఎక్కడా సీటు రాలేదు, హిస్టరీలో పడేద్దాం’ అనే తండ్రులతోనే. అలా పడేసిన పిల్లలు మూడేళ్లూ పడే ఉంటారు.

నేను ఇంటర్‌లో ఎంపీసీ. చేర్చుకుంటారా?

చేర్చుకుంటారు. ఏ గ్రూపు వాళ్లయినా బీఏలో చేరవచ్చు. తెలంగాణలో దోస్త్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి నడిపే ఆన్‌లైన్ అడ్మిషన్లలో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. హెచ్‌ఈసీ నుంచి వచ్చిన పిల్లలకు మొదటి సెమిస్టర్ కొంచెం తేలిక, అంతే తేడా. ఎంపీసీ వాళ్లకు ఒకటే అలవాటు మానిపించాలి: మూడు లైన్లు రాసి, జవాబు వచ్చేసిందని పెన్ను కింద పెట్టేస్తారు.

హెచ్‌ఈపీ అంటారు, సింగిల్ మేజర్ అంటారు, మైనర్ అంటారు, ఆనర్స్ అంటారు. ఇదంతా ఏమిటి?

మా రోజుల్లో బీఏ అంటే మూడు సబ్జెక్టులు, మూడూ సమానం. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిస్తే హెచ్‌ఈపీ. ఎకనామిక్స్ బదులు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వస్తే హెచ్‌పీపీ. తెలంగాణలో ఇప్పటికీ బకెట్లలోంచి, అంటే కాలేజీ ఇచ్చే సబ్జెక్టుల జాబితాల్లోంచి, ఏరుకుని ఇలాంటి కాంబినేషన్ కట్టుకునే పద్ధతే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఒకటే ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్. ఈ నిబంధనలు మా తలలు నెరిసేంత తరచుగా మారుతున్నాయి. కాబట్టి పక్కింటి అక్క చెప్పింది నమ్మకుండా మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ మీరే చదువుకోండి.

ఇక ఆనర్స్. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడేళ్లతో ఆపితే మామూలు డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. అయితే ఆ నాలుగో ఏడు అన్ని కాలేజీల్లోనూ నడవదు. చేరే రోజే అడగండి.

టీచర్ కావాలని ఉంది. మైనర్ ఏది తీసుకోవాలి?

ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. చాలామంది మూడో ఏట అడుగుతారు, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. సోషల్ స్టడీస్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో సాంఘిక శాస్త్రాలు రెండు ఉండాలని డీఎస్సీ నోటిఫికేషన్లు అడుగుతూ వచ్చాయి. కేంద్రీయ విద్యాలయాల్లో సోషల్ టీచర్‌కు హిస్టరీ, జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌లో ఏవైనా రెండు ఉండాలి, అందులో ఒకటి హిస్టరీ గానీ జాగ్రఫీ గానీ కావాలి. అందుకని హిస్టరీ మేజర్‌తో పాటు మైనర్‌గా కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకుని మురిసిపోయే ముందు ఈ లెక్క చూసుకోండి. పొలిటికల్ సైన్సో ఎకనామిక్సో తీసుకుంటే దారి మూసుకుపోదు. కాలేజీలో జాగ్రఫీ ఉంటే ఇంకా మంచిది, ఉన్న కాలేజీలు తక్కువ.

నాకు తేదీలు గుర్తుండవు. హిస్టరీ నా వల్ల అవుతుందా?

నాకూ గుర్తుండవు. క్లాసుకు వెళ్లేముందు చూసుకుని వెళ్తాను.

తేదీని బిట్టులా బట్టీ పడితే పరీక్ష హాలు దాటేలోపు పోతుంది. వరసలో పెడితే ఉంటుంది. ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగింది 1323లో. విజయనగరం పుట్టిందని సంప్రదాయంగా చెప్పే ఏడు 1336. బహమనీ రాజ్యం మొదలైంది 1347లో. మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పెద్ద రాజ్యం కూలిన పాతికేళ్లలోపే రెండు కొత్త రాజ్యాలు లేచాయి. ఈ మధ్యకాలంలో ఢిల్లీకి దక్కన్ మీద పట్టు ఎందుకు సడలింది? ఇక్కడి నాయకులు ఏం చేశారు? ఈ ప్రశ్న బుర్రలో పడితే ఆ మూడు సంవత్సరాలూ దానికి మేకుల్లా అతుక్కుంటాయి. నా పిల్లల్లో తేదీలు బాగా గుర్తున్నవాళ్లు బట్టీ పట్టినవాళ్లు కారు, వాదించేవాళ్లు.

మూడేళ్లలో అసలు ఏం చదువుతాం?

ఒక్కో యూనివర్సిటీది ఒక్కో సిలబస్. వరస మాత్రం చాలాచోట్ల ఒకటే: ప్రాచీన భారతం, మధ్యయుగం, బ్రిటిష్ కాలం, జాతీయోద్యమం, మన ప్రాంత చరిత్ర, ఐరోపా లేదా ఆధునిక ప్రపంచం. మొదటి సెమిస్టర్‌లో హరప్పా దగ్గర పరుగు మొదలుపెట్టి హర్షుడి దగ్గర ఊపిరి పీల్చుకుంటాం. ఫ్రెంచి విప్లవం పిల్లలకు బాగా నచ్చుతుంది, రాజు తల తెగుతుంది కాబట్టి. నాకున్న అసంతృప్తి ఒక్కటే. సొంత ప్రాంతం సంగతి చాలా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి చరిత్ర అంటే ఢిల్లీలోనే జరుగుతుందన్న అభిప్రాయం గట్టిపడిపోతుంది.

ప్రతి క్లాసులో ‘ఆధారం ఏది’ అంటున్నారు. పుస్తకంలో ఉంది కదా, చాలదా?

చాలదు. ఎందుకో చెప్పడానికి ఏటా ఒక రాయి కథ చెబుతాను.

కాకతి రుద్రమదేవి పాలన 1295-96 దాకా సాగిందని పాత పుస్తకాల్లో ఉండేది. పెద్ద పండితులు రాసినవే, అప్పటికి దొరికిన శాసనాలను బట్టి వేసిన లెక్కే. తర్వాత నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. వేయించింది రాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారనీ, వాళ్ల పుణ్యం కోసం ఊరి దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో చెక్కించాడు. కాలం శక సంవత్సరం 1211, విరోధి. శకానికి 78 కలిపితే 1289. అంటే అప్పటిదాకా చదివిన లెక్కలో ఆరేడేళ్లు తేడా. ఒక మామూలు బంటు ఇచ్చిన చిన్న దానం ఒక మహారాణి కాలాన్ని సరిచేసింది.

ఇంకో చిన్న సరదా. విరోధి నామ సంవత్సరం మళ్లీ 2009-10లో వచ్చింది. 1289కి 2009కి మధ్య 720 ఏళ్లు, అరవై పన్నెండుసార్లు తిరిగింది. లెక్క కుదిరింది కదా? శాసనంలో శకం, సంవత్సరం పేరు రెండూ ఉంటే ఇలా ఒకదానితో ఒకటి సరిచూసుకోవచ్చు.

అసలు పాఠం ఇక్కడి నుంచి మొదలవుతుంది. రుద్రమదేవి తన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలో చనిపోయిందని చాలాచోట్ల చదివి ఉంటారు. ఆ మాట ఆ రాయి మీద లేదు. రాణి, సేనాని ఇద్దరి మరణం ఒకేచోట చెప్పారు, అదే కాలంలో అంబదేవుడు తిరగబడ్డాడు, కాబట్టి యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. సబబైన ఊహే. కానీ రాయి చెప్పింది వేరు, మనం ఊహించింది వేరు. పరీక్ష పేపర్లో ఈ రెంటినీ విడదీసి రాసిన పిల్లవాడికి నేను అడగకుండానే రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

ఇంట్లో ఒకటి చెబుతారు, క్లాసులో ఇంకోటి చెబుతారు, వాట్సాప్‌లో మరోటి. దేన్ని నమ్మాలి?

దీనికి సెప్టెంబర్ 17 కంటే మంచి ఉదాహరణ లేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఈ రెండు తేదీల మీద ఎవరికీ గొడవ లేదు. గొడవంతా పేరు మీదే. అప్పటి ప్రభుత్వం పోలీసు చర్య అంది. ఒకరికి అది విలీనం, ఇంకొకరికి విమోచన, మరొకరికి విద్రోహం. కేంద్రం విమోచన దినం జరుపుతోంది. రాష్ట్ర ప్రభుత్వం ఒకప్పుడు సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది.

నేను క్లాసులో ఏ పేరూ బోర్డు మీద రాయను. నాలుగు ప్రశ్నలు ఇస్తాను. విమోచన అన్నవాళ్లు చెప్పండి, 1950 నుంచి 1956 దాకా ఆ నిజామే రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్‌లాంటి రాష్ట్రాధినేతగా, ఎందుకున్నాడు? విలీనం అన్నవాళ్లు చెప్పండి, 1951 అక్టోబర్ దాకా ఊళ్లలో సాయుధ పోరాటం ఎందుకు ఆగలేదు? విద్రోహం అన్నవాళ్లు చెప్పండి, రజాకార్ల దాడులకు ఊళ్లొదిలి పోయినవాళ్లు ఆ రోజును ఎలా గుర్తుంచుకున్నారు? పోలీసు చర్య అన్నవాళ్లు చెప్పండి, ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు ఎందుకు బయటికి రాలేదు? గంట గడిచేసరికి ఎవరి పేరు వాళ్ల దగ్గరే ఉంటుంది కానీ, గొంతులు మాత్రం తగ్గుతాయి. ఇంటికెళ్లి నాన్నతో పోట్లాడమని నేను చెప్పను. ‘నాన్నా, నీకిది ఎవరు చెప్పారు, వాళ్లు అప్పుడు ఎక్కడున్నారు’ అని అడగమంటాను.

ఫలానా రాజు మా కులంవాడే కదా సార్?

ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు, వెనక బెంచీ నుంచి. కాకతీయులనే తీసుకోండి. కొన్ని శాసనాలు వాళ్లను చతుర్థ కులజులని, అంటే నాలుగో వర్ణం వాళ్లని చెబుతాయి, కొన్ని సూర్యవంశానికి ముడిపెడతాయి, చాలా శాసనాలు ఆ ఊసే ఎత్తవు. ఒకే వంశం గురించి వాళ్ల కాలంలోనే ఒక్క మాట లేదు. పైగా పదమూడో శతాబ్దంలోని గుర్తింపులు, ఇవాళ కుల ధ్రువీకరణ పత్రంలో ఉండే పేర్లు ఒకదానికొకటి గీత గీసి కలిపేలా లేవు. ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి చరిత్ర అక్కర్లేదు, ఫ్లెక్సీ ప్రింటర్ చాలు.

నేను తెలుగు మీడియం. ఇంగ్లిష్ రానివాళ్లకు హిస్టరీలో భవిష్యత్తు ఉందా?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇది. అడిగే తీరులోనే సిగ్గు కనిపిస్తుంది.

ముందు నిజం చెప్పుకుందాం. ఇంగ్లిష్ చదవడం రావాలి. పరిశోధన గ్రంథాలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పేపర్ తెలుగులో ఉండదు, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పాఠాలు కూడా ఇంగ్లిష్ మీడియానికి మారాయి. మొదటి ఏడాది రోజుకు ఒక పేజీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే మూడో ఏటికి భయం పోతుంది. మాట్లాడటం తర్వాత సంగతి, చదవడం ముందు.

ఇప్పుడు రెండో నిజం. కల్నల్ కాలిన్ మెకంజీ పేరు విన్నారా? ఈస్టిండియా కంపెనీ సర్వేయర్, తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్, 1821లో చనిపోయాడు. ఆయన ఊరూరి చరిత్ర సేకరించాడని గొప్పగా చెప్పుకుంటాం. ఆయనకు తెలుగు రాదు. పని చేసింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల కింది మనుషులు. కరణాలను కూర్చోబెట్టి చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టారు, ఏ పాళెగాడు ఎప్పుడు ఏలాడు అని అడిగి రాయించారు. వాటినే కైఫియత్తులంటాం. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో కట్టలు కట్టలుగా ఉన్నాయి, తెలుగులో. కడప జిల్లావి కొన్ని సంపుటాలుగా కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది కూడా. భారత పురావస్తు శాఖ వేసిన దక్షిణ భారత శాసనాల పదో సంపుటం తెరిస్తే అంతా తెలుగు శాసనాలే.

వీటిని చదవడానికి లండన్ నుంచి వచ్చిన పరిశోధకుడు రెండేళ్లు తెలుగు నేర్చుకుంటాడు. మీకు ‘మాన్యం’ అన్నా, ‘మడి’ అన్నా, ‘తూము’ అన్నా అమ్మ చెప్పింది గుర్తొస్తుంది. ఆ తేడా చిన్నది కాదు. మా క్లాసు అమ్మాయి ఒకామె ప్రాజెక్ట్ కోసం ఒక కైఫియత్తు చదువుతూ, ‘సార్, ఈ కాలవ పేరు మా పొలం గట్టు పేరే’ అని ఎగిరి గంతేసింది. ఆ క్షణంలో ఆమె ముందు ఏ ఇంగ్లిష్ మీడియం పనికొస్తుంది చెప్పండి?

సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయవచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. ఇది కూడా చాలామందికి తెలియదు.

గైడ్ చదివితే పాసవుతామా?

అవుతారు. ఆల్ ఇన్ వన్ మీద నాకు పగేమీ లేదు, పరీక్ష ముందు రాత్రి అది దేవుడు. కానీ గైడ్‌లో అందరికీ ఒకటే జవాబు. యాభై పేపర్లలో ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పుతో సహా, చదివిన పరీక్షకుడి ఓపిక ఎంతుంటుంది? పది మార్కుల జవాబులో రెండు పేరాలైనా మీ మాటల్లో రాయండి, ఒక పటం గీయండి, ఒక శాసనం పేరు చెప్పండి. పటం అంటే భయపడకండి. కృష్ణ, గోదావరి, తీరం గీత వస్తే మన చరిత్రలో సగం వచ్చినట్టే.

ఏ పుస్తకాలు కొనాలి?

మొదటి ఏడాది ఏమీ కొనకండి. తెలుగు అకాడమీ పుస్తకాలు కాలేజీ లైబ్రరీలో ఉంటాయి. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్‌లో ఉచితం, ఇంగ్లిష్ అలవాటుకు కూడా అవే మేలు. జిల్లా గ్రంథాలయానికి వెళితే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అడగండి. తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది, 1955లో. రాజుల పేర్లు తక్కువ. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నదే ఎక్కువ. అందులోని కొన్ని అభిప్రాయాలతో ఇవాళ మనం ఏకీభవించం, అది కూడా చదువులో భాగమే. కావ్యాల్లోంచి, సామెతల్లోంచి చరిత్ర ఎలా తీయవచ్చో చూడటానికి చదవండి.

ప్రాజెక్ట్ అన్నారు. నెట్‌లోంచి తీసి పెట్టవచ్చా?

పెట్టవచ్చు, పట్టుకుంటాం. ‘తాజ్‌మహల్ నిర్మాణం’ మీద నలభై పేజీల కలర్ ప్రింట్లు ప్రతి ఏడూ వస్తాయి. వద్దు. మీ ఊరు తీసుకోండి.

ఊళ్లో పాత గుడి ఉంటే స్తంభం మీదో, ధ్వజస్తంభం దగ్గరో, చెరువు కట్ట మీదో అక్షరాలున్న రాయి ఉండే అవకాశం బాగా ఉంది. ఒక్కోసారి అది చాకిరేవు బండగానో, బడి మెట్టుగానో మారి ఉంటుంది. తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ వెళ్లండి. వెలుగు ఏటవాలుగా పడితే అరిగిన అక్షరం కూడా లేస్తుంది, మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే ఏమీ కనపడదు. టార్చిలైటు పక్కనుంచి వేసినా సరే. అక్షరాలు కనిపించాలని సుద్దముక్క రుద్దకండి, పసుపు, నూనె, సున్నం పూయకండి, యాసిడ్ పేరే ఎత్తకండి. మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

ఒంటరిగా వెళ్లవద్దు. రాయి చుట్టూ తిరుగుతూ కొలతలు తీసుకునే కుర్రాళ్లను చూస్తే ఊరివాళ్లకు వచ్చే మొదటి అనుమానం గుప్తనిధులు. మా పిల్లలు ఇద్దరిని ఒకసారి రాత్రిదాకా రచ్చబండ దగ్గర కూర్చోబెట్టారు. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తరం, పూజారిగారికో సర్పంచ్‌గారికో ముందే ఒక మాట. ఆ తర్వాత టీ కూడా వాళ్లే ఇస్తారు.

రాయి లేకపోతే కాగితం ఉంటుంది. పాత పహాణీలు, బడి అడ్మిషన్ రిజిస్టరు, ఇంట్లో ట్రంకు పెట్టెలోని భూమి పత్రాలు. వాటిలో ఫసలీ సంవత్సరం, అంటే పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన సంవత్సరం, కనిపిస్తే కంగారు పడకండి, 590 కలపండి. ఫసలీ 1357 అంటే 1947-48. ఆ పత్రంలో ఎవరి పేరు పోయి ఎవరి పేరు చేరిందో చూస్తే, సెప్టెంబర్ 17 మీద టీవీలో జరిగే చర్చకంటే ఎక్కువ తెలుస్తుంది.

గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ హిస్టరీ ఎంతవరకు ఉపయోగం?

బాగానే. కానీ ‘హిస్టరీ చదివితే గ్రూప్-2 గ్యారంటీ’ అన్న కోచింగ్ పోస్టర్‌ను నమ్మవద్దు.

తెలంగాణ గ్రూప్-2లో 150 మార్కుల పేపర్లు నాలుగు. రెండో పేపర్లో మూడో వంతు చరిత్ర, సంస్కృతి. నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం, అంటే 1948 నుంచి 2014 దాకా చరిత్రే. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపర్లో సగం ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, మిగతా సగం రాజ్యాంగం. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకుంటే 250 చొప్పున రెండు పేపర్లు. మొదటి పేపర్లో పటం మీద 20 స్థలాలు గుర్తించి ఒక్కోదాని గురించి క్లుప్తంగా రాయాలి, మొత్తం 50 మార్కులు. సిలబస్ మాత్రం సముద్రం. సీనియర్ ఎవరో తీసుకున్నాడని తీసుకోకండి.

ఒక హెచ్చరిక. మొదటి సెమిస్టర్ నుంచే కోచింగ్ సెంటర్ చుట్టూ తిరిగేవాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లే. బిట్ల అలవాటు పడిన చేతికి పేరా రాయడం రాదు, మెయిన్స్‌లో అడిగేది పేరాలే.

పురావస్తు శాఖలో, మ్యూజియంలో, ఆర్కైవ్స్‌లో పని చేయాలని ఉంది. దారి ఏమిటి?

ఇది అడిగే పిల్లలు ఏడాదికి ఒకరిద్దరే. వాళ్లను చూస్తే నాకు ఆరోజు భోజనం రుచిస్తుంది.

డిగ్రీ తర్వాత హిస్టరీలో గానీ ఆర్కియాలజీలో గానీ ఎంఏ చేయాలి. అందుకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ఉంటాయి. తర్వాత గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు శాఖ నడిపే పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, తవ్వకాల్లో చేతులు మట్టి చేసుకుంటూ నేర్చుకునేది. శాసనాల మీద ఇష్టముంటే ఆ శాఖవారి శాసన విభాగం మైసూరులో ఉంది. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు పాత రికార్డుల సంరక్షణలో కోర్సులు నడుపుతారు.

పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. అందుకే బీఈడీయో, నెట్టో పక్కన పెట్టుకోమంటాను. ఇంకొకటి, ఒక భాష అదనంగా నేర్చుకోండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల దక్కన్ పాలన నాటి పర్షియన్ పత్రాలు కుప్పలుగా ఉన్నాయి, చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఉర్దూ వచ్చిన పిల్లలకు పర్షియన్ లిపి సగం వచ్చినట్టే. మా ఉర్దూ మీడియం పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, కాబట్టి నేనే చెబుతుంటాను.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, ఢిల్లీకో వెళ్లడం మంచిదా?

సీటు వస్తే వెళ్లండి, మా కాలేజీ ఏమీ అనుకోదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ హిస్టరీ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీల్లో బీఏ ఆనర్స్ హిస్టరీ ఉంది. రెండింటికీ సీయూఈటీ రాయాలి. దీని దరఖాస్తు ఇంటర్ పరీక్షల సమయానికే ముగుస్తుంది, ఫలితాలు వచ్చాక నా దగ్గరికి వచ్చి అడిగితే వచ్చే ఏడాది మాటే. అక్కడ లైబ్రరీ పెద్దది, తోటివాళ్ల చదువు చూసి మన చదువు పెరుగుతుంది. మొదటి ఆరు నెలలు భాషతో, తిండితో, ‘నువ్వెక్కడి నుంచి’ అనే ప్రశ్నతో కష్టపడతారు. ఏడ్చి ఫోన్ చేసినవాళ్లంతా తర్వాత నిలదొక్కుకున్నారు.

పనికి వెళ్తూ దూరవిద్యలో చేయవచ్చా?

చేయవచ్చు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి ఇలాంటివాళ్ల కోసమే ఉంది. వాళ్ల పాఠ్యపుస్తకాలను మా రెగ్యులర్ పిల్లలు కూడా అడిగి తీసుకెళ్తారు.

కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

బిల్డింగ్ చూడకండి. మూడు ప్రశ్నలు అడగండి. హిస్టరీకి పర్మనెంట్ లెక్చరర్ ఉన్నారా? పోయిన ఏడాది ఈ సెక్షన్‌లో ఎంతమంది చేరారు? మరీ తక్కువైతే మధ్యలో వేరే కాలేజీకి మార్చేస్తారు. లైబ్రరీ పుస్తకాలు ఇంటికి ఇస్తారా, అద్దాల బీరువాలో తాళం వేసి చూపిస్తారా?

చేరడానికి ఇంకా రెండు నెలలుంది. ఈ వేసవిలో ఏం చేయమంటారు?

ఇంట్లో గానీ వాడకట్టులో గానీ ఎనభై దాటిన మనిషి ఉంటే రోజూ సాయంత్రం అరగంట వాళ్ల దగ్గర కూర్చోండి. రాజుల గురించి అడగకండి. మొదట కరెంటు ఎప్పుడొచ్చింది, కరువులో ఏం తిన్నారు, ఊళ్లోకి ఎవరిని ఏ బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు, పెళ్లికి బండి మీద ఎంత దూరం వెళ్లారు. ఫోన్‌లో రికార్డు చేయండి, ముందు వాళ్లను అడిగి. మధ్యలో సరిదిద్దకండి, తేదీ తప్పు చెప్పినా చెప్పనివ్వండి. ఫైల్ పేరులో ఊరు, తేదీ, వాళ్ల పేరు, వయసు రాయండి. ‘కొత్త రికార్డింగ్ 14’ అని వదిలేస్తే ఏడాది తర్వాత మీకే తెలియదు అది ఎవరి గొంతో. మొదటి రోజు క్లాసుకు వచ్చేటప్పుడు ఆ ఫోన్ తీసుకురండి, చార్జింగ్ పెట్టుకుని.